చూసి చెప్పమన్న మా మామ

మా మామ పోయిండన్న కబురు అందినప్పుడు నేను పరిగి అవతల ఒక గొర్ల మందలో ఉన్నాను. ఎడమ మోకాలి కింద ఒక గొర్రె, కుడిచేతిలో టీకా సూది. తాండూరు నుంచి మా అత్తమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మీ మామ చాయ తాగి మంచంల ఒరిగిండు. లేపితే లేస్తలేడు" అన్నది. ఆమె గొంతులో ఏడుపు లేదు. ఆమెకింకా నమ్మకం కుదరలేదు. నాకు మాత్రం అర్థమైంది. విప్పిన టీకా సీసా మళ్లీ దాచడానికి పనికిరాదు. అందుకని ఎదురుగా నిలబడ్డ గొర్లన్నిటికీ మందు వేసి, చేతులు కడుక్కుని, జీపెక్కి తాండూరు దారి పట్టాను. అంత కబురు విని కూడా ఆ పని ఎట్ల ముగించగలిగినవని తర్వాత మా చుట్టాల్లో ఒకామె అడిగింది. మామ ఉంటే ఆ మాట అడిగేవాడు కాదు.

ఆయన మా ఆయనకు తండ్రి. గొర్లు కాసే ఇంట్లో పుట్టి, పదిహేడో ఏట కట్టె వదిలి పానా పట్టిన మనిషి. తాండూరు చుట్టూ ఉన్న నాపరాయి గనుల్లో బండలు మోసే లారీలను బాగుచేస్తూ ముప్పై ఏళ్లకు పైగా గడిపాడు. పని మానే నాటికి కుడిచేతికి వణుకు పట్టుకుంది. నేను వికారాబాదులో ఉంటాను. ఊరూరా తిరిగి గొర్లకు, మేకలకు టీకాలు వేయడం నా పని. మా ఆయన బడిలో లెక్కల సారు. స్కూటర్ స్టాండు తీయడం తప్ప బండి సంగతులేవీ ఆయనకు పట్టవు. అందుకే నా పాత జీపుకు ఏ జబ్బు చేసినా నేను ఫోన్ చేసేది మామకే.

మూడేళ్ల కిందట, మృగశిర కార్తెకు ఇంకా పదిరోజులు ఉందనగా జీపు మొండికేసింది. నిలబెట్టిన చోటల్లా కింద నూనె మరకలు. దానికి తోడు, క్లచ్ తొక్కి గేరు వేసి ఆపితే చాలు, లోపల పిట్టను పిసికినట్టు ఒకటే కీచు. అవి మామూలు రోజులు కావు. తొలి వానకు మొలిచిన లేతగడ్డి మేస్తే గొర్లకు చిటుకు రోగం వస్తుంది. పొద్దున మేతకు పోయిన జీవం సాయంత్రానికి ఉండదు. వాన పడేలోపే టీకా పడాలి. కొడంగల్ దిక్కు మూడు ఊర్ల మందలు నా కోసం ఎదురుచూస్తున్నాయి. మా వీధి చివరి మెకానిక్ బండి కిందికి ఒకసారి వంగి చూసి, "నూనె ఆపే వెనక సీలు పోయిందమ్మా, ఇంజన్ దించాలె. షెడ్డు నిండ బండ్లున్నయి, పదిహేను రోజులైతది" అన్నాడు.

మామకు ఫోన్ చేశాను. "ఏం ఫికర్ చెయ్యకు. రేపు పొద్దుగాల రైలుకు వస్త" అన్నాడు.

వచ్చాడు. ఖాకీ అంగీ, భుజాన బరువుకు కుంగిన గుడ్డ సంచి, అందులో పానాలు. చెప్పులు విడవకముందే జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"వెనక సీలు పోయింది మామా" అన్నాను, అంతా తెలిసినదానిలా.

"నువ్వు చూసినవా?"

"మెకానిక్ చెప్పిండు."

"ఆయన చూసిండా?"

"వంగి చూసిండు."

"వంగితే కారేది కనవడ్తది బిడ్డా. పుట్టేది కనవడదు. ముందుగాల కడుగు."

కడిగాను. కిరసనాయిలు ముంచిన బ్రష్షుతో ఇంజన్ మూలమూలా రుద్ది, సబ్బునీళ్లు పోసి, పాత చీర ముక్కతో తుడిచి ఆరబెట్టాను. అంతా పొడిగా అయ్యాక, "ఇంట్ల మొఖానికి రాసుకునే పౌడర్ ఉందా?" అని అడిగాడు. మా ఆయన డబ్బా తెచ్చిస్తూ, "ఏంది నాయినా, ఇంజన్‌కు పెండ్లిచూపులా?" అన్నాడు. మామ నవ్వలేదు. పౌడర్ నా చేతికిచ్చి, ఇంజన్ మీద, పక్కలకు, వెనక గేరుబాక్స్ కలిసే చోటంతా చల్లమన్నాడు. బండి స్టార్ట్ చేసి అరగంట అట్లాగే వదిలేయమన్నాడు.

ఆ అరగంటలో ఆయన నాకొక సంగతి చెప్పాడు. అది అంతకుముందు కొడుక్కు కూడా చెప్పలేదని తర్వాత తెలిసింది.

గనిలో ఆయన పెద్ద మేస్త్రిగా ఉన్న రోజుల్లో ఒక లారీ ఇంజన్ దారిలోనే పట్టేసింది. లోపల చుక్క నూనె లేదు. అందరూ ఈయన వైపు చూశారు. ఈయన బానెట్ కూడా ఎత్తకుండా, "డ్రైవర్ నూనె చూస్కోలేదు" అనేశాడు. ఆ డ్రైవరుది కొడంగల్ దిక్కు. చూసుకున్న మొర్రో అన్నా వినకుండా అతన్ని పనిలోంచి తీసేశారు. మూడు నెలలకు ఆ ఇంజన్ విప్పే పని ఈయన చేతికే వచ్చింది. నూనె దించే బిరడా కింద వాషర్ అరిగిపోయి ఉంది. అంతకుముందు నూనె మార్చినప్పుడు, కొత్తది దొరకలేదని పాత వాషరే తిప్పి వేసింది ఈయనే.

"మరి ఏం చేసినవ్ మామా?"

"ఏం చేస్త? వాషర్ జేబుల ఏస్కొని కొడంగల్ బస్సెక్కిన. ఆయన ఊరు పట్టుకునేసరికి పగటాల దాటింది. ఇంకొకల చేన్ల కలుపు తీస్తుండు. తప్పు నాదే అన్న. వాషర్ సూపెట్టిన. ఆయన జరసేపు దాన్ని చూసి ఏమన్నడో ఎరుకేనా? 'నా ముందట కాదు. ఎవరి ముందట నన్నన్నవో వాళ్ల ముందట అను' అన్నడు."

"అన్నవా?"

"తెల్లారి అందరు డ్రైవర్లను నిలవెట్టి అన్న. ఆయనను మల్ల పనిల తీస్కున్నరు. నన్ను పెద్ద మేస్త్రి కెల్లి దించిన్రు." ఇంజన్ వైపు చూస్తూ అన్నాడు, "దించుడే నయమైంది. అప్పటి సంది చూడకుండ ఒక్క మాట చెప్పలే."

ఇంజన్ ఆపి టార్చి వేసి చూశాం. తెల్లటి పౌడర్ మీద ఒకే ఒక నల్లని చార. అది మెకానిక్ చెప్పిన సీలు దగ్గర మొదలవలేదు. ఇంజన్ నెత్తిన ఉండే టాపెట్ కవర్ వెనక మూలలో పుట్టి, వీపంతా జారి, గేరుబాక్స్ అతుకు దగ్గర చుక్కగా రాలుతోంది. కవర్ కింది ప్యాకింగ్ ఎండి పగిలింది, అంతే. నాలుగు బోల్టుల పని. నేనే విప్పి, కొత్త ప్యాకింగ్ వేసి బిగించాను. ఆయన చేయి వణుకుతుంది కాబట్టి నాతో చేయిస్తున్నాడని మొదట అనుకున్నాను. తర్వాత తెలిసింది, చేయి బాగున్నా నాతోనే చేయించేవాడని.

ఇక ఆ కీచు. దానికీ తొందరపడి పేరు పెట్టలేదు. న్యూట్రల్‌లో ఒకసారి, గేరులో ఒకసారి, క్లచ్ సగం తొక్కి, పూర్తిగా తొక్కి, పదిసార్లు నాతో చేయించి చెవి ఒగ్గి విన్నాడు. "పైలట్ బేరింగు" అన్నాడు చివరికి. ఇంజన్ ఇరుసు చివర, నడుమ గుంటలో కూర్చుని గేరుబాక్స్ ముక్కును మోసే చిన్న బేరింగు అది. రూపాయి బిళ్లకన్నా కొంచెం పెద్దదంతే. కానీ దాన్ని చేరాలంటే గేరుబాక్స్ మొత్తం దించాలి.

మా వాకిట్లో మిగిలిపోయిన తాండూరు బండలు పేర్చి ఉండేవి. జీపు ఎత్తి వాటి మీద నిలబెడదామన్నాను. మామ నా వైపు వింతగా చూశాడు. "బండలతోని బతికినోణ్ని, నేను చెప్తున్న ఇను. బండ చెప్పకుండ పగుల్తది. చెక్కయితే జర మూల్గుతది. నువ్వు కింద కెల్లి బయటికి రావొచ్చు." పక్కవీధి కట్టెల అడితి నుంచి మొద్దులు తెప్పించే దాకా నన్ను బండి కిందికి దూరనివ్వలేదు.

గేరుబాక్స్ దింపడానికి ఆ రోజు మిగిలిన పొద్దంతా పట్టింది. మా ఆయన జాకీ పట్టాడు, నేను బోల్టులు విప్పాను, మామ పీట మీద కూర్చుని "ఎడమకు... ఇంక జర... ఆగు" అంటూ నడిపించాడు. లోపల వెనక సీలు చుట్టూ చుక్క తడి లేదు. మామ టార్చిని అక్కడ కాసేపు ఎక్కువ ఆపాడు.

మర్నాడు బేరింగు తీసే పని. అది గుంటలో కూరుకుపోయి ఉంటుంది, వెనక నుంచి తట్టే దారి ఉండదు. మామ ఉపాయం ఏమంటే, బేరింగు నడిమి చిల్లు నిండా గ్రీసు కూరి, ఆ చిల్లుకు సరిగ్గా పట్టే ఇనుప కడ్డీ పెట్టి సుత్తితో కొట్టాలి. గ్రీసుకు పోను దారి లేక వెనక నుంచి బేరింగును ముందుకు తోస్తుంది. గనిలో ఎన్నోసార్లు చేశాడట. నేను కొట్టాను. గ్రీసు బేరింగు గుండ్ల సందుల్లోంచి చిమ్మి నా ముఖమంతా పడింది. మళ్లీ కూరాను, మళ్లీ చిమ్మింది. నాలుగోసారికి బేరింగు వెంట్రుకవాసి కదల్లేదు. మామ పీట మీంచి లేచి గుంటలోకి టార్చి వేసి చూశాడు. ఆయన చెప్పింది జరగకపోవడం నేను చూడటం అదే మొదలు. ఆకాశం చూస్తే మబ్బు పట్టి ఉంది. నాకు కొడంగల్ మందలు కళ్లలో మెదిలాయి.

ముఖం కడుక్కోవడానికి లోపలికి పోయాను. వంటింట్లో మధ్యాహ్నానికి కలిపి పెట్టిన చపాతీ పిండి ఉంది. వేలితో నొక్కి చూశాను. గ్రీసు సందుల్లోంచి పారిపోతుంది, ఇది పారిపోదు కదా అనిపించింది. ముద్ద తీసుకుని బయటికొచ్చాను.

"మామా, దీనితోని కొట్టి చూద్దామా?"

ఆయన ముద్దను చేతిలోకి తీసుకుని పిసికాడు. వద్దంటాడేమో అనుకున్నాను.

"చూద్దాం పా" అన్నాడు.

గ్రీసు తుడిచి పిండి కూరి కొట్టాను. మళ్లీ కూరి కొట్టాను. ఏడో ఎనిమిదో దెబ్బకు సుత్తి శబ్దం మారింది. బేరింగు అంచు గుంటలోంచి బయటికి తొంగిచూసింది. ఇంకో రెండు ముద్దలకు అదే నా అరచేతిలో వచ్చి పడింది, వెనక గట్టి పిండి బిళ్లతో సహా. మామ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. వెంటనే తాండూరుకు ఫోన్ చేశాడు. "ఇంటున్నవా, మన కోడలు చపాతీ పిండితోని బేరింగు గుంజింది! నా ముప్పై ఏండ్ల సర్వీసుల నాకు తోచలే!" అత్తమ్మ అటునుంచి, "మరి మధ్యాహ్నం ఏం తింటరు?" అని అడిగింది. అన్నం వండుకుని తిన్నాం.

కొత్త బేరింగు అంచు మీదే తట్టాలని, నడుమ తట్టితే గుండ్లు దెబ్బతింటాయని చెప్పాడు. అట్లాగే కూర్చోబెట్టాను, రాత్రికల్లా గేరుబాక్స్ మళ్లీ ఎక్కించాం. మూడోనాటి పొద్దున జీపు చప్పుడు లేకుండా కదిలింది. ఆ వారంలోనే కొడంగల్ దిక్కు మూడు ఊర్లూ తిరిగాను. వాన పడేనాటికి ఆ మందల్లో టీకా పడని జీవం లేదు. ఆ ఏడు అక్కడ చిటుకు రోగంతో ఒక్క గొర్రె పోలేదు. మామ మాత్రం వెళ్లిన ప్రతి పెళ్లిలో, ప్రతి బారసాలలో పిండిముద్ద కథే చెప్పాడు. ఉపాయం తనకు తట్టలేదన్న ముక్క ఒక్కసారి కూడా దాచలేదు.

ఆయన మీద నేను గెలిచింది ఇంకొక్కసారే. నిరుడు, నడిస్తే ఆయనకు ఆయాసం వస్తోందని అత్తమ్మ అంటే, "గ్యాసు, ఇంకేం లేదు" అని కొట్టిపారేశాడు. "చూసినవా మామా?" అన్నాను. చెప్పులు తొడుక్కుని జీపెక్కాడు. గుండె నీరసించిందని ఆసుపత్రిలో తేలింది. మందులతో ఏడాదికి పైగా బాగానే తిరిగాడు. ఆ ఏడాది మాకు దక్కింది. దానికి నేను రోజూ సంతోషిస్తాను.

ఇప్పుడు నా బండి నేనే విప్పుకుంటాను. నూనె కారితే కడిగి, పౌడర్ చల్లి, మొదలెక్కడో చూస్తాను. నేను పోయే ఊర్లలో ఆడవాళ్లు చుట్టూ చేరి చూస్తారు. ఒకరిద్దరు పానా అందుకుంటారు కూడా. నాకు తెలియనిది తెలియదని చెప్తాను. అట్లా చెప్పడం మామ దగ్గర నేర్చుకున్నదాంట్లో కష్టమైనది. దానికే చాలాకాలం పట్టింది.

చివరిసారి ఆయన్ను డాక్టరుకు చూపించి వికారాబాదు నుంచి తాండూరుకు నేనే తీసుకుపోయాను. కదిలే బండిలో మామ నిద్రపోగా ఎవరూ చూసి ఉండరు. ఎవరు నడిపినా, ఎంత దూరమైనా, ఇంజన్ చప్పుడు వింటూ నిటారుగా కూర్చునేవాడు. దారిలో రైల్వే గేటు పడింది. సిమెంటు మోసే గూడ్సు బండి ఒకటి, ఎంతకూ తెగని డబ్బాలతో, నేల అదిరేలా పోతోంది. ఏదో అడుగుదామని పక్కకు తిరిగాను. మామ నిద్రపోతున్నాడు. తల కిటికీ వైపు వాలింది. గూడ్సు పోయింది, గేటు లేచింది, వెనక బండ్లు హారన్లు మొదలుపెట్టాయి. నేను క్లచ్ మెల్లగా, చాలా మెల్లగా వదిలాను. రోడ్డుకు రెండు పక్కలా కంది చేన్లు పసుప్పచ్చటి పూత మీదున్నాయి. భుజం మీది తువ్వాలు కొస ఒకటి గాలికి ఎగిరి మామ గడ్డం మీద పడి, ఆయన ఊపిరికి లేస్తూ, వాలుతూ ఉంది.