పాలు కారిన కాడ

మేము ఘుగ్గుస్ బొగ్గు గని కాలనీలో ఉంటాం. వానలు పడితే మా క్వార్టర్ వెనుక సన్నపాయిలి కూర నేలంతా పాకుతుంది. ఇక్కడి మరాఠీవాళ్లు చివల్ అంటారు. దాని కాడ విరిస్తే నీరే వస్తుంది. అలాగే పాకే ఇంకో మొక్కకు పాలు కారతాయి, అది తినకూడదని మా అమ్మ నేర్పింది.

ఆ పొద్దున కూర కోసుకొచ్చి, స్నానం చేసి, తొందరలో ఏరకుండానే పెసరపప్పులో వండి మా ఆయనకు డబ్బా కట్టాను. ఆయన వెళ్లాక చెత్త ఎత్తుతుంటే ఒక కాడ విరిగి వేళ్లకు తెల్లటి పాలు అంటుకున్నాయి. ఆయన అప్పటికే గనిలోకి దిగి ఉంటారు, లోపలికి ఫోన్ అందదు. దేవుడి పటం ముందు దీపం వెలిగించి కూలబడ్డాను.

మా అత్తమ్మకు చూపు సరిగా ఆనదు. అందుకే కూరలు ముట్టనిచ్చేదాన్ని కాదు.

"ఏందే, గట్ల కూలవడ్డవ్?" అని అడిగి, సంగతి విని మెల్లగా అంది: "నువ్వు తానానికి పోయినప్పుడు ఒక్కో కాడ విరిచి చూసిన. వేళ్లకు జిగురంటినయి ఏరి చెత్తల ఏసిన. చెప్తే తిడ్తవని చెప్పలే."

సాయంత్రం ఆయన ఖాళీ డబ్బాతో వచ్చేదాకా దీపం కొండెక్కనివ్వలేదు. ఇప్పుడు మా ఇంట్లో కూర ఏరే పని అత్తమ్మదే. ఆ వేళ్లకు రోజూ మనసులోనే దండం పెట్టుకుంటాను.