ఎండగట్టని చెరువు

ఈ చలికాలం నేను చెరువు ఎండగట్టలేదు. తప్పని తెలిసే చేశాను. నేను చెప్పేది రాసుకుంటున్న తల్లీ, ఈ మాట ముందే రాయి.

కలకత్తా తూర్పు అంచున, ఊరి మురుగంతా వచ్చి పడే చోట మా చెరువు. మాదంటే మాది కాదు, కౌలుది. తెలుగు నేల నుంచి వలసొచ్చి నా మొగుడు ముప్పై ఏళ్లు ఈ ఊరి మురుగు కాలువల్లో దిగి పనిచేశాడు. ఆ పని మానాక అదే మురుగునీళ్లలో చేపలు పెంచాడు. ఎండ తగిలితే ఆ నీళ్లే చేపలకు తిండి అనేవాడు. కానీ ఏటా చలి ముదిరాక నీళ్లన్నీ తోడేసి, చేపలు పట్టేసి, అడుగు బీటలు వారేదాకా ఎండనివ్వాలి. లేకపోతే అడుగు బురద విషమవుతుంది. చేపలకు ఊపిరాడదు.

కిందటి చలికాలం అలాగే ఎండగట్టాం. చెరువు ఎండుతుండగానే ఆయన గుండె ఆగిపోయింది. పదకొండు రోజులు నన్ను గడప దాటనివ్వలేదు. ఆ తర్వాత నాకే కాళ్లు రాలేదు. ఇరవై రోజులు ఎండాల్సిన చెరువు రెండు నెలలు ఎండింది. ఆకాశంలో తిరిగే శాటిలైట్ దాన్ని ఫొటో తీస్తోందని నాకెలా తెలుస్తుంది?

వానలు పడ్డాక స్థలం యజమాని మనిషి వచ్చాడు. చేపల చెరువుల జాబితాను ప్రభుత్వం వాళ్లు శాటిలైట్ ఫొటోలు చూసి కొత్తగా రాస్తున్నారట. అందులో మాది చెరువు కాదట, ఖాళీ నేలట. చెరువని ఉంటే పూడ్చకూడదట. ఇలాగే జాబితా ఖాయమైతే యజమాని మట్టితో పూడ్చి అమ్ముకుంటాడట. అతను ఆ మాట చెబుతుంటే వెనకాల చెరువు గట్టంటా నిండి ఉంది.

బస్సెక్కి న్యూ టౌన్‌లో ఆ ఫొటోలు చూసే ఆఫీసుకి వెళ్లాను. హైదరాబాద్ నుంచి వచ్చిన తెలుగమ్మాయి ఒకతి అక్కడ ఉంది. కంప్యూటర్ నా వైపు తిప్పింది.

“ఇగో అమ్మా, ఇదే మీ జాగ.”

అట్టముక్కలా గోధుమరంగు.

“ఏటమ్మా ఇది? ఎప్పుడు తీసినారు?”

తేదీ చెప్పింది. ఆయన పోయిన మూడో రోజు.

“అది ఎండగట్టిన సెరువు తల్లీ. ఇప్పుడొచ్చి దిగు, ములిగిపోతావు.”

“నీళ్లు కనవడితెనే చెరువని రాస్తరమ్మా.”

“అయితే వానల్లో తీసిన బొమ్మ సూపించు!”

చూపించింది. తెల్లగా ఉంది. ఇంకోటి చూపించింది. అదీ తెలుపే.

“మొత్తం మబ్బే అమ్మా. కింద ఏం కనవడ్తలేదు. అందుకే చలికాలం ఫొటోలే లెక్కకు తీస్కుంటరు.”

పక్క బల్ల దగ్గరి బెంగాలీ బాబు నవ్వాడు. “మాషీ, చీపురు తెచ్చుకో, మబ్బులు ఊడ్చేద్దువు” అన్నాడు వాళ్ల భాషలో. నేనూ ఆ భాషలోనే చెప్పాను, “మీ ఊరి కంపంతా మా ఆయన ఎత్తిపోశాడు దాదా. మబ్బులైనా నువ్వు ఊడ్చు” అని. తల దించుకున్నాడు. దాంతో నాకేం ఒరిగింది?

ఆ అమ్మాయి గుమ్మం దాకా వచ్చింది. “ఖాయం చేసే ముందు ఈ చలికాలం ఇంకోసారి చూస్తరు. ఈసారి నీళ్లు తియ్యకమ్మా.”

“ఏ రోజు సూస్తారమ్మా?”

“కొన్ని దినాలకోసారి పైనుంచి పోతది. ఏ దినంది తీస్కుంటరో నాకూ తెల్వదు.”

నీళ్లు తీయకపోతే ఏమవుతుందో ఆ పిల్లకి నేను చెప్పలేదు.

ఇప్పుడు రోజూ తెల్లవారేసరికి బొచ్చె, శీలావతి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లలో గాలి కలుస్తుందని నడుంలోతుకి దిగి వెదురుగడతో కొడుతున్నాను. చేతులు పడిపోతున్నాయి. చచ్చినవి ఏరి గట్టు మీద గొయ్యిలో వేస్తున్నాను. నిన్న పక్క చెరువు కౌలుదారు, వరసకు మరిది, గట్టు మీద నుంచి అరిచాడు.

“ఒదినా, నీకేటి పిచ్చా? నీళ్లు తోడేసి పట్టెయ్యి! లేపోతే సేపలన్నీ పోతాయి!”

“సేపలు పోతే మళ్లీ పిల్లల్నేసుకుంటాను. సెరువు పోతే ఎక్కడేసుకుంటానురా?”

“కంపు కొడతన్నాది, తెలుస్తన్నాదా? ఇదీ ఒక సెరువేనా?”

“పైనుంచి సూసేవోళ్లకి కంపు తెలీదంట. నీళ్లుంటే సాలంట.”

విసుక్కుని వెళ్లిపోయాడు.

ఇవాళ పొద్దున ఒక్క మబ్బు లేదు. తల ఎత్తి, నోరు తెరిచి గట్టిగానే అడిగాను. “ఇయ్యాలే బొమ్మ తీసెయ్యండి బాబూ, ఇంకాగలేవు ఇవి.” ఎవరికి వినపడిందో. గట్టు మీది గొయ్యి నిండిపోయింది. ఇంకోటి తవ్వాలి.