సగటులో కనపడని కొట్టాల

"మేడమ్ పోయినారప్పా" అని పాత సహోద్యోగి పోయిన వారం ఎర్రగుంట్ల నుంచి ఫోన్ చేశాడు. మా మండల ఆఫీసులో గణాంకాలు చూసిన ఆవిడను పేరుతో పిలిచినవారు లేరు. అందరికీ మేడమే.

రెండు వేలు దాటిన తొలి ఏళ్ళలో, కర్నూలు జిల్లాలో, ఆవిడ దగ్గర కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. మేడమ్ కంప్యూటర్ తెరకు చెక్క స్కేలు ఆనించి ఒక్కో వరుసా చదివేవారు. నాకు నవ్వొచ్చేది.

ఆ ఏడు వానల్లేవు. నీళ్ళ ట్యాంకర్ ఎవరికి పంపాలో మా పట్టికను బట్టే తేల్చేవారు. బోర్లను నిలువుగా, నెలలను అడ్డంగా వేసి, రోజుకు ఎన్ని బిందెలు వస్తున్నాయో నింపాను. పంచాయతీకొక సగటు తీశాను. మేడమ్ సంతకం చేశారు.

ఒక మధ్యాహ్నం శివారు పల్లె కొట్టాల నుంచి ఒకామె ఖాళీ బిందెతో వచ్చింది.

"మా బోర్లు రెండూ ఎండి నెల దాటినాది. మా కొట్టాల మీ కాగితంలో ఉండాదా, లేదా?"

"మీ పంచాయతీలో నీళ్ళు బాగానే ఉండాయి కదమ్మా" అన్నాను.

మేడమ్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నా పక్కకు వచ్చారు.

"అడ్డంగా ఉండే నెలల్ని నిలువుకు మార్చప్పా. ఒక బోరు, ఒక నెల, ఒక వరుస. పక్కన ఏ పల్లెదో రాయి. ఇప్పుడు పంచాయతీ కాదు, పల్లెవారీగా కూడు."

ఫార్ములా మార్చాను. కొట్టాల ఎదురుగా ఈ నెలకు సున్నా వచ్చింది. పెద్ద ఊరి బోర్ల సగటులో అది కనపడలేదు.

"తప్పు నాది మేడమ్."

"సంతకం నాది. మొత్తం చూసి మురిసిపోతిమి. లోపల ఎవరుండారో చూడకపోతిమి."

"పంపేసిన రిపోర్టు మారిస్తే మెమో వస్తాది. వచ్చే నెల సర్దుదాం" అన్నారు కొత్త పట్టిక చూసిన మా పై అధికారి.

"అందాకా ఆమె ఏం తాగాల సార్?" అన్నారు మేడమ్.

పొరపాటు తనదేనని రాసి, కొత్త పట్టిక జతచేసి పంపారు. మెమో వచ్చింది. ఆవిడ ప్రమోషన్ ఆగింది. నేను బాధపడితే, "ఆగినాది గానీ ఎండిపోలేదు కదప్పా" అన్నారు.

ఇప్పుడు కడపలో నాదీ అదే పని. సగటు తీసే ముందు అన్నిటికన్నా తక్కువ ఎక్కడుందో వెతుకుతాను. అది ఆవిడ పెట్టిన అలవాటు.

కొట్టాలకు ట్యాంకర్ వచ్చిన రోజు ఇద్దరం వెళ్ళాం. తోపులాట తగ్గాక, బిందెతో వచ్చినామె మేడమ్‌కు నిండు చెంబు అందించింది. ఆవిడ చెంబు పైకెత్తి రెండు గుక్కలు తాగారు. మిగిలిన నీళ్ళను, ఒక్క చుక్క కింద పడకుండా, ఆమె బిందెలోకే వంచారు.