నిలబడనివ్వని జగదేవప్ప సారు

నారాయణఖేడ్‌లోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పే జగదేవప్ప సారుకు ఒకటే పిచ్చి. ఎదుటి మనిషి నిలబడి ఉంటే ఆయనకు ప్రాణం మీదికి వస్తుంది. ఎవరొచ్చినా, ఎందుకొచ్చినా, "ముందుగాల్ల కూసో" అంటాడు.

ల్యాబులో పాము దూరిందని జువాలజీ అరుణజ్యోతి మేడం పరుగెత్తుకొస్తే, "కూసోమ్మా, గదేమన్న నీతోని పంచాయితి వెట్టుకున్నదా?" అన్నాడు. చీవాట్లు పెట్టడానికొచ్చిన ప్రిన్సిపాల్‌నూ కూర్చోబెట్టాడు. ఆయన తిట్టడం మరచిపోయి, తన నడుం నొప్పి గురించి చెప్పుకుని వెళ్ళాడు.

ఇదంతా చూసి పీటీ సారు నర్సింగ్ కడుపు రగిలిపోయేది. కాలేజీ భద్రతకు ఇన్‌చార్జి తాను. మెడలో ఈల, చేతిలో లాఠీ, అద్దం ముందు సాధన చేసిన చూపు, అన్నీ ఉన్నాయి. కానీ ఈల ఊదితే పిల్లలు చెవులు మూసుకునేవారు. జగదేవప్ప మెల్లగా "కూసోండ్రి" అంటే మాత్రం బుద్ధిగా కూర్చునేవారు.

"ఆయనల ఏమున్నది మేడం, పొట్ట తప్ప?" అని ఒకరోజు అడిగేశాడు.

"గా పొట్టను చూస్తే ఎవలకు భయం కాదు గద సార్" అంది అరుణజ్యోతి.

నర్సింగ్‌కు ఆ పూట అన్నం సహించలేదు. ఒక్క గొడవ రావాలి, తానేమిటో కాలేజీకి చూపించాలి. అంతే అతని కోరిక.

గొడవ రానే వచ్చింది. నాగల్‌గిద్ద రైతు శరణప్ప కట్టె పట్టుకుని జగదేవప్ప క్లాసులోకి దూసుకొచ్చాడు. ముందురోజు నర్సింగ్ ఎండలో పరుగెత్తిస్తే అతని బిడ్డ సుప్రీత కళ్ళు తిరిగి పడిపోయింది.

"నర్సింగ్ అంటే ఎవడు? నెత్తి పలగ్గొడ్త!"

కేక విని వెనుక తలుపు దగ్గరికొచ్చిన నర్సింగ్ లాఠీ బిగించాడు. ఇక దూకడమే తరువాయి.

జగదేవప్ప తన బల్ల వెనకే ఉండి, రెండు చేతులూ కనబడేలా పెట్టాడు. "ముందుగాల్ల కూసో అన్నా. బిడ్డకు ఎట్లున్నది?" తర్వాత నర్సింగ్ వైపు చూసి, "మొగులయ్యా! పిల్లగాళ్ళను ఎనుక తలుపుకెల్లి తోల్కపో. పోలీసోళ్ళకు ఫోన్ చెయ్యి" అన్నాడు.

నర్సింగ్‌కు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళు పక్క కుర్చీలో కూర్చున్న మనిషికి తన పేరే తెలియదా! ఉడుక్కుంటూనే పిల్లల్ని బయటికి పంపి, ఫోన్ చేశాడు.

పోలీసులు వచ్చేసరికి కట్టె నేల మీద ఉంది. శరణప్ప కుర్చీలో కూర్చుని ఏడుస్తున్నాడు. జగదేవప్ప సర్దిచెబితే వాళ్ళు అతన్ని మందలించి ఇంటికి పంపారు.

"ఆయనకు నా పేరు గూడ యాదికి లేదు మేడం!"

అరుణజ్యోతి పకపకా నవ్వింది. "నర్సింగ్ అని పిలిస్తే నీ నెత్తి ఏమయితుండె సార్?"

నర్సింగ్‌కు అప్పుడు గానీ అసలు సంగతి వెలగలేదు. తనను కాపాడినందుకు కృతజ్ఞత కలిగింది. ఆ తెలివి కూడా ఆయనకే తట్టినందుకు అసూయ ఇంకాస్త పెరిగింది.

ఆదివారం సుప్రీతను చూడటానికి జగదేవప్ప, నర్సింగ్ ఇద్దరూ నాగల్‌గిద్ద వెళ్ళారు. శరణప్ప ఎదురొచ్చాడు. "రాండ్రి మొగులయ్య సార్! మీ అసొంటోళ్ళుండాలె. గా నర్సింగ్‌గాడే..."

జగదేవప్ప నోరు తెరిచేలోపే నర్సింగ్ అందుకున్నాడు. "నేనే అన్నా, గా నర్సింగ్‌ను. తప్పయింది."

శరణప్ప అతన్ని ఎగాదిగా చూశాడు. చివరికి లోపలికి తిరిగి, ముగ్గురికీ ఛాయ్ పెట్టమని కేకేశాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో జగదేవప్ప అన్నాడు: "నేనైతే గట్ల ఎదురుంగ చెప్పకపోతుంటి నర్సింగ్. నాకు గంత ధైర్యం లేదు."

నర్సింగ్‌కు ప్రతి అక్షరం స్పష్టంగా వినిపించింది. అయినా చెవి దగ్గరికి పెట్టాడు.

"ఆటో సప్పుడుల వినవడలే సార్. ఇంకోపారి చెప్పుండ్రి."