తొమ్మిదికి రెండు తోకలు

ఆవిడ ముప్పై ఒక్క ఏళ్లు సబ్బుల ఫ్యాక్టరీలో ముద్రలు కొట్టే యంత్రం దగ్గర పనిచేసింది. రిటైరయ్యాక నాణేల పిచ్చి పట్టుకుంది. మరిది బస్సు కండక్టరు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చినప్పుడు చిల్లర సంచీ వదిన ముందు పెట్టేవాడు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఒక్కో నాణేన్నీ భూతద్దం కింద తిప్పి తిప్పి చూసేది.

"అంతలా చూడకు వదినా, సిగ్గుతో చచ్చిపోతాయి" అని అతని వేళాకోళం.

అలా చూస్తుండగానే ఒకరోజు ఒక నాణెం మీద, సంవత్సరం చివరనున్న తొమ్మిదికి రెండు తోకలు కనిపించాయి. ఆవిడ వెతుకులాటంతా ఇలాంటి అచ్చు తప్పుల కోసమే.

ఆదివారాలు గ్రంథాలయం మేడమీద నాణేల సంఘం కూడుతుంది. అధ్యక్షుడు ఒకప్పటి లెక్కల మాస్టారు. ఆయన మాటకు అక్కడ తిరుగులేదు. ఆవిడ ఇంతకుముందు తెచ్చిన నాలుగింటినీ కొట్టిపారేసినాయన, దీన్నీ ఇలా అందుకుని అలా తిరిగిచ్చేశాడు.

"యంత్రం వణుకమ్మా. దెబ్బ పడేటప్పుడు అచ్చు కదిలితే ఇలాగే వస్తుంది. ఖర్చు పెట్టేసుకోండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ ముఖం వేడెక్కింది. అయినా కుర్చీలోంచి కదల్లేదు.

"వణుకైతే అంకె పక్కకి నలిగి మెట్టులా చదునుగా ఉంటుంది మాస్టారూ, సన్నబడుతుంది కూడా. ఇది బొద్దుగా ఉంది. రెండు తోకలూ గుండ్రంగా పైకి లేచాయి."

"అయితే అచ్చు అరిగిపోయి ఉంటుంది."

"అరిగితే అంచులు ఉబ్బి మసకబారతాయి. ఇవెంత తేటగా ఉన్నాయో చూడండి! అచ్చు తయారైనప్పుడే అందులో అంకె రెండుసార్లు పడిందండీ."

"మీకెలా తెలుసు?"

"సబ్బుల మీద చూశాను కదండీ. బిళ్ల జారితే ఆ ఒక్క సబ్బే పాడవుతుంది. తప్పు అచ్చులోనే ఉంటే గంపెడు సబ్బులూ ఒకేలా వస్తాయి."

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నాడు. "అయితే ఇలాంటిది ఇంకొకటి పట్టుకురండి. అప్పుడు ఒప్పుకుంటాను."

ఆవిడకు పంతం వచ్చింది. మరిది తన సంచీ చాలదని తోటి కండక్టర్లనూ బతిమాలి చిల్లర మార్పించి తెచ్చాడు. ఐదు వారాలు గడిచాయి. ఆవిడకు మెడ పట్టేసింది, కళ్లు ఎర్రబడ్డాయి. వణుకు నాణేలు మాత్రం బోలెడు దొరికి, ప్రతిసారీ ఆశపెట్టి ఉసూరుమనిపించాయి. ఆరో వారం ఒకటి తగిలింది. మూడు రోజులకే మరొకటి!

"దొరికిందయ్యా!" అని ఆవిడ వేసిన కేకకు మరిది ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు.

ఆ ఆదివారం మూడు నాణేలూ వరసగా మాస్టారి ముందు పెట్టింది. ఆయన ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. మళ్లీ మొదటికొచ్చి చూశాడు. అదే చీలిక, అదే చోట, అదే వాలు.

ఆయన లేచి నిలబడ్డాడు. "వణుకు మూడుసార్లు ఒకేలా రాదు. అంకె అచ్చులోనే రెండుసార్లు పడింది. పొరపాటు నాది."

చప్పట్లు మోగిపోయాయి. అవి ఆగకముందే మాస్టారు జేబులోంచి చిన్న డబ్బీ తీశాడు. పన్నెండేళ్లుగా ప్రాణంలా దాచుకున్న నాణెమట.

"దీన్నీ కాస్త చూసిపెట్టండమ్మా."

ఆవిడ వంగి చూసింది, వెలుతురుకు తిప్పి చూసింది. నొప్పించకుండా ఎలా చెప్పాలో తోచలేదు.

"ఇది... వణుకే మాస్టారూ."

అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. నవ్వుతూనే దీపం పక్కనున్న తన కుర్చీని ఆవిడ వైపు జరిపాడు. అప్పటికే ఆరుగురు తమ నాణేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఆవిడ దర్జాగా కూర్చుని భూతద్దం తుడుచుకుంది.

"తోసుకోకండి, ఒక్కొక్కరే రండి!"