నాకేం తెలుసు అన్నాను

ఒక మాట కొన్నేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. పేరు చెప్పను. పత్తికొండలో టమోటా వ్యాపారం చేసే ఇంటికి పెద్దకోడలిని, అంతవరకు చాలు. ఎవరికో ఒకరికి చెప్పాలి గనక మీకు చెప్తున్నాను.

సుజాత మా మరిది భార్య. నన్ను అక్కా అంటుంది. పెళ్లయి కొన్నేళ్లయినా అప్పటికి కడుపు పండలేదు. నెలనెలా బయట చేరినరోజు ఎవరికీ కనబడకుండా ఏడ్చేది.

ఆ శ్రావణంలో మా ఇంట్లో ఒకదాని వెంట ఒకటి పనులు. కొత్తింట్లో చేరడం, వ్రతం, ఆ వెంటనే ఆరాధనకు మంత్రాలయం. వచ్చే చుట్టాలు, పోయే చుట్టాలు. మా ఇంట్లో ముట్టయిన మనిషి వంటింట్లోకి రాకూడదు. సుజాత బయటుంటే అంతమందికీ నేనొక్కదాన్నే వండాలి. దేవుడి పని ఆగకూడదని అలా చేశానని చెప్పుకోవచ్చు. కాదు. నా చాకిరీ తగ్గాలని చేశాను.

మందులషాపుకు పోయి ముట్టు వాయిదా వేసే మాత్రలు అడిగాను. అవి అయిపోయాయట. షాపతను వేరే షీటు తీసి, "ఇవి పిల్లలు కాకుండా ఏసుకునేవి మా. మధ్యలో ఆపకుండా ఏసుకుంటే అది గూడా రాదు" అన్నాడు. తెలిసే తెచ్చాను. సుజాతకు మాత్రం ముట్టు మాత్రలనే చెప్పాను. బిడ్డ కావాలని మొక్కుకోవడానికి మంత్రాలయం పోయే మనిషికి బిడ్డ కాకుండా ఆపే మాత్ర ఇస్తున్నానని నాకు తట్టలేదా? తట్టింది. ఒక్క నెలే గదా అనుకున్నాను. షీటు అయిపోయినా పనులు తెమల్లేదు, ఇంకో షీటు తెచ్చాను. "ఇవి పడటం లేదక్కా, కడుపులో తిప్పుతాంది" అంది ఒకసారి. మళ్లీ తనే, "పోనీలే, నేను బయటుంటే వంటంతా నీ మీదనే పడుతుంది గదా" అని వేసుకుంది.

మంత్రాలయం నుంచి వచ్చాక నొప్పి మొదలైంది. పైకడుపులో లేచి వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, ఆగని వాంతులు. కర్నూలు తీసుకుపోయాం. రక్తం తీస్తే గొట్టంలో పాలు కలిపినట్టు తెల్లగా తేలింది. ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లుందని, దానివల్ల క్లోమం వాచిందని చెప్పారు. నోటికి చుక్క నీళ్లు వద్దన్నారు, సెలైన్లు ఎక్కించారు. చక్కెరజబ్బు లేని మనిషికి ఇన్సులిన్ ఎందుకని మరిది అడిగితే, అది కొవ్వు దించడానికని, చక్కెర పడిపోకుండా గ్లూకోజు కూడా పెడుతున్నామని నర్సు చెప్పింది.

ఏమైనా మాత్రలు వాడుతోందా అని డాక్టరు అడిగాడు. సుజాత నొప్పికి మెలికలు తిరుగుతోంది. ఏమీ లేవని నేనే చెప్పాను. ముట్టు మాత్రలను మందుల కింద ఎవరు లెక్కేస్తారు, అందుకే గుర్తురాలేదని తర్వాత ఎవరైనా నిలదీస్తే చెప్దామనుకున్నాను. ఎవరూ నిలదీయలేదు. గుర్తులేక కాదు, పక్కన మరిది ఉన్నాడని చెప్పలేదు.

మర్నాడు ఆమె సంచిలో షీటు దొరికింది. ఇవి పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలని, పుట్టుకతోనే కొవ్వు ఎక్కువుండే ఒంటికి ఇవి తోడైతే ప్రాణం మీదికి వస్తుందని, ముందే ఎందుకు చెప్పలేదని డాక్టరు కోప్పడ్డాడు. మరిది తన భార్య వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది.

"ముట్టు రాకుండా అని నువ్వే గదక్కా ఇస్తివి? చెప్పక్కా ఆయనకు."

"నేనెప్పుడిస్తిని? నాకేం తెలుసు సుజాతా?"

అంతే. ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది.

ఎందుకన్నాను ఆ మాట? భయం. ఆమె కోలుకోనీ అప్పుడు చెప్దామని, కోలుకున్నాక ఇంటికి పోయి నిమ్మళంగా చెప్దామని, ఇంటికొచ్చాక మానిన పుండును ఇప్పుడెందుకు గెలకడమని, ఇలా ఒక్కో సాకూ వెతుక్కుంటూ ఏళ్లు గడిపేశాను. పుండు మానలేదని నాకు రోజూ కనబడుతూనే ఉంది.

సుజాత బతికింది. కొవ్వు దిగింది, క్లోమం మాత్రం కొంత పాడై చక్కెరజబ్బు మిగిలింది. పిల్లలు కలగలేదు. దానికి కారణం ఆ మాత్రలు కాదని డాక్టరు చెప్పాడు. నాకది ఊరట కావాల్సింది. కాలేదు. ఎందుకంటే భార్య తనకు తెలియకుండా పిల్లల్ని వద్దనుకుందని మరిది నమ్మాడు. "వద్దనుకున్నోళ్లకు పిల్లలెట్ల పుడతారు?" అని నలుగురిలో అంటాడు. ఆమె నా పేరెత్తదు. నేను తేలు కుట్టిన దొంగలాగా వడ్డిస్తూ ఉంటాను.

మొన్న చుట్టాల ముందు మళ్లీ అన్నాడు. సుజాత వంటింట్లో కడుపుకు ఇన్సులిన్ సూది వేసుకుంటోంది. విననట్టే బయటికొచ్చి, నా చేతిలో గరిటె తీసుకుని, "నువ్వు కూచోక్కా, పొద్దుటినుంచీ నిలబడే ఉండావు" అంది. నేను కూచున్నాను.

మరిదికి చెప్పే ధైర్యం ఎప్పటికైనా వస్తుందని మీకు మాటివ్వలేను. ఆమె అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే కొంచెం ఊపిరాడుతోంది.

నేనే ఇచ్చాను సుజాతా. అవేం మాత్రలో నాకు తెలుసు.