చారు సత్తు

మొన్న మోకాలినొప్పికని క్లినిక్‌కి వెళ్తే నర్సు ఒక వీడియో తెర నా ముందుకు జరిపింది. అందులోంచి మన మాట డాక్టరుకి ఇంగ్లీషులో చెప్పిపెట్టే అమ్మాయెవరో, ఎక్కడ కూర్చుని మాట్లాడుతోందో గానీ, "నమస్తే ఆంటీ, మీ ఇబ్బందేమిటో తెలుగులోనే చెప్పండి" అనేసరికి, మోకాలి సంగతి చెప్పాల్సింది పోయి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నొప్పి ఎక్కువైందనుకుని పాపం ఆ పిల్ల కంగారుపడింది.

మనం ఈ దేశం వచ్చిన కొత్తల్లో ఇలాంటి వైభోగాలెక్కడివి? అరోరా అనే ఊళ్ళో మా చిన్న అపార్ట్‌మెంట్, మావారు సోమవారం క్లయింట్ దగ్గరికి విమానమెక్కితే గురువారానికి గానీ వచ్చేవారు కాదు, నాకేమో కారు నడపడం రాదు, ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది గానీ ఫోనులో వింటే సగం జారిపోయేది. ఏడాది నిండిన పిల్లలకి మామూలుగా చేసే రక్తపరీక్ష మా అమ్మాయికీ చేశారు. వేలు గుచ్చినందుకు అదీ ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఇంటికొచ్చి మరిచిపోయాం. కొన్నాళ్ళకి ఆన్సరింగ్ మెషీన్‌లో ఎవరో ఆవిడ, పాప పరీక్ష గురించి వెంటనే ఫోన్ చెయ్యమంది.

చేశాను. ఏదో రికార్డు గొంతు ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, చాలాసేపు సంగీతం వినిపించింది. చివరికి ఒకావిడ పాప పుట్టినతేదీ అడిగితే మన అలవాటు ప్రకారం రోజు ముందు, నెల తరవాత చెప్పాను; ఇక్కడ నెలే ముందు చెప్పాలిట. అలాంటి పాప మా దగ్గర లేదని మర్యాదగా పెట్టేసింది. ఒళ్ళో కూర్చుని గాజులు లాగుతున్న పిల్లని పట్టుకుని లేదంటుందేమిటి! మనూళ్ళో అయితే పిల్లని చంకనేసుకుని డాక్టరుగారి వరండాలో కూలబడేదాన్ని, ఆయన విసుక్కుంటూనైనా చూసేవారు. ఇక్కడ కూలబడదామన్నా వరండా ఏదీ?

సాయంత్రం మావారే కనుక్కుని చెప్పారు. రక్తంలో సీసం ఎక్కువగా ఉందిట, బుర్ర ఎదుగుదలకి మంచిది కాదుట, ఆరోగ్యశాఖ నర్సు ఇంటికొచ్చి అది ఎక్కడిదో చూస్తుందిట. పక్క అపార్ట్‌మెంట్ ఆవిడ నాకు ధైర్యం చెప్పడానికని వచ్చి, ఈ దేశంలో తల్లి సరిగ్గా చూసుకోకపోతే పిల్లల్ని తీసుకుపోతారని చల్లగా చెప్పి వెళ్ళింది. ఆ పూటనుంచి నాకు అన్నం సయించలేదు.

వచ్చిన నర్సు మంచిదే. కిటికీ రంగు గీకింది, బొమ్మలు తిరగేసింది, కాటుక, కుంకుమ, పసుపు చిన్నచిన్న సంచుల్లో వేసుకుంది. పాపకేం పెడతావని అడిగితే చారన్నమని గర్వంగానే చెప్పి, పొయ్యిమీద మరుగుతున్న గిన్నె చూపించాను. అది మా అమ్మమ్మ ఇచ్చిన చారు సత్తు. సత్తంటే ఈ కాలం అల్యూమినియం కాదు, మెత్తటి తగరపు గిన్నె. అందులో కాచిన చారు రుచి మన తరంవాళ్ళకి నేను చెప్పాలా? చీరల మడతల్లో పెట్టుకుని మరీ తెచ్చుకున్నాను. నర్సు దాన్నీ పట్టుకెళ్ళింది. ఎవరో ఎప్పుడో తగరంలో సీసం కలిపి పోశారని, చింతపండు పులుపుకి అది చారులోకి దిగుతోందని తరవాత తేలింది.

అమ్మకి ఫోన్ చేసి ఏడిస్తే, "మీ ముగ్గురూ ఆ చారు తాగే పెరిగారు కదే! ఏం, వంకరగా పెరిగారా?" అని నామీదే ఎగిరింది.

మందేమీ లేదన్నారు. పాలు, ఐరన్ చుక్కలు, మళ్ళీ మళ్ళీ రక్తం తియ్యడం, ఎదురుచూడడం. ఎంత ఏడ్చి మొత్తుకున్నా నా చేత్తో చెయ్యగలిగింది ఇంకేమీ లేకపోయింది. పిల్లనెవరూ తీసుకుపోలేదు, రక్తంలో సీసం మెల్లగా తగ్గింది. ముందుముందు దీనికేమీ కాదు కదా అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగితే, బహుశా కాదన్నారు డాక్టరు. ఆ బహుశాతోనే ఇన్నేళ్ళూ కాపరం చేశాను.

ఇప్పుడు గుడికెళ్తే ప్రసాదం వరసలోనే నలుగురు తెలుగు డాక్టర్లు కనిపిస్తారు, ఏ పరీక్ష ఫలితమైనా ఇంటికి చేరేలోపే ఫోన్‌లో ఉంటుంది, నేనూ హైవే మీద కారు నడుపుతున్నాను. అమ్మాయి చక్కగా చదువుకుని లాయరైంది. అయినా చిన్నప్పుడు లెక్కల్లో మార్కులు తగ్గిన ప్రతిసారీ నా గుండె జారేది, ఇప్పుడు కారు తాళాలు ఎక్కడ పెట్టానో గుర్తు లేదమ్మా అని అది నవ్వినా జారుతుంది. "మమ్మీ, అందరూ మర్చిపోతారు!" అంటుంది. నిజమే, నేనూ బోలెడు మరిచిపోతున్నాను. ఈ చేత్తో కలిపి, ఊది ఊది చల్లార్చి దాని నోట్లో పెట్టిన ఆ చారన్నం ముద్దలే, ఒక్కటీ మరుపుకు రావు.